నీళ్ళ మెట్ల సినిమా, మా వదినె

ఆ సినిమాను మా ఛత్రినాకలో ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. నీళ్ళ మెట్ల సినిమా అనేవాళ్ళు. టికెట్ల కిటికీ దగ్గర కూడా "నీళ్ళ మెట్లకు రెండియ్యన్నా" అని అడిగితే లోపలివాడు మారు మాట్లాడకుండా చింపి ఇచ్చేవాడు. బోనాలు అయిపోయిన వారానికి వచ్చింది. గల్లీల్లో వేపాకు తోరణాలు ఇంకా ఎండుతూ వేలాడుతున్నాయి. ఊరేగింపులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్ళకి గొంతు ఇంకా తిరిగి రాలేదు. అందరూ అలిసిపోయి, ఇక పనులు చూసుకుందాం అనుకుంటుంటే ఈ సినిమా వచ్చి మళ్ళీ బస్తీనంతా లేపి నిలబెట్టింది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. చదువు ఆపేసి ఇంట్లో మిషను కుట్టడం నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడమంటే, పొద్దున కుట్టింది సాయంత్రం విప్పడం. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. "కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే, ఒక్క తాన కూసోరాదు!" అని అమ్మ రోజూ తిట్టేది. నాకు నోరు ఎక్కువ కాబట్టి ఊరుకునేదాన్ని కాదు. "ఈ ఇంట్ల కుదురుగ కూసున్నోళ్ళు ఒక్కల్ని చూపియ్, నేను గూడ కూసుంట" అనేదాన్ని.

నిజంగానే ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. దానికి కారణం మా వదినె, అంటే మా అన్న భార్య. వాళ్ళకి పెళ్ళయి ఐదేళ్ళు. ఒక కొడుకు పుట్టాడు. మూడు నెలలు కూడా నిండకుండా జ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయాడు. అది జరిగి రెండేళ్ళయింది. మళ్ళీ కడుపు పండలేదు. అమ్మ జహనుమాలో చుట్టాల పిల్లను చూసి పెట్టింది, అన్నకు రెండో పెళ్ళి చెయ్యడానికి. వచ్చే శుక్రవారం పండ్లు పట్టుకుని వస్తామని మాట కూడా ఇచ్చేసింది. ఇంట్లో గోడలకి కూడా ఈ సంగతి తెలుసు. వదినెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే తెలియదనుకోవడం మా ఇంటివాళ్ళ తెలివి.

ఇంకొకటి చెప్పాలి. మా వాళ్ళలో చంటిపిల్లలు పోతే మగవాళ్ళే గుడ్డలో చుట్టి తీసుకుపోయి మట్టిలో పెట్టి వస్తారు. తల్లికి ఆ చోటు చూపించరు. చూస్తే మళ్ళీ కడుపు పండదని నమ్మకం. ఆ రోజు అన్న, బాపు పిల్లాణ్ణి ఎత్తుకుని బయల్దేరుతుంటే వదినె గడప దాకా వచ్చి "యాడికి తీస్కపోతున్రు?" అని అడిగింది. అమ్మ అడ్డం నిలబడి "ఆ మాట అడగొద్దు బిడ్డా, నీ మంచికే" అని తలుపు మూసింది. వదినె మళ్ళీ అడగలేదు. గట్టిగా ఏడవనూ లేదు. మర్నాటి నుంచి పొయ్యి ముట్టించింది, అంట్లు తోమింది, పప్పు రుబ్బింది. ఆమె నడిస్తే కాళ్ళ చప్పుడు వినిపించేది కాదు. అంత మెల్లగా నడవడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఆ మెత్తటి నడక చూస్తే ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది. ఒక చెంబన్నా విసిరేసి అరవొచ్చు కదా అనిపించేది.

సినిమా సంగతి ముందుగా మా ఇంటికి తెచ్చింది ముందు గదిలో కిరాయికి ఉండే అక్కయ్య. వాళ్ళది గోదావరి జిల్లా. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆమెకు మా పాతబస్తీ నచ్చేది కాదు, కూరల్లో కారం నచ్చేది కాదు, మా మాట అసలే నచ్చేది కాదు. అయినా సాయంత్రం అయ్యేసరికి మా ఇంటి ముందరి గద్దె మీదికే వచ్చి కూర్చునేది.

"అదేం సినిమా అండీ బాబూ! తలా తోకా లేదు" అంది అమ్మతో. "నది లేచి నిలబడ్డమేంటండీ పిన్నిగారూ, మెట్లు కట్టడమేంటండీ! గేదెలు ఎగరడమేంటండీ! డబ్బులిచ్చి తలనొప్పి కొనుక్కున్నట్టయింది."

మర్నాడు ఆమె మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళింది.

"తలనొప్పి తక్కువైందా అక్కయ్యా?" అని నేను ఎక్కిరించాను. ఆమె నవ్వలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, "అది మా గోదారే" అంది. "అలా లేచి నిలబడుతుంటే మా రేవు కనపడిందనుకో. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయింది. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నించోడం తప్ప నీళ్ళ మొహం చూశానా?" అంటూ ముక్కు చీదుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మీద నాకున్న విసుగు ఆ రోజుతో సగం పోయింది.

కథ చెప్తాను, నవ్వకండి. ఒక పడవవాడి పెళ్ళాం. వరదొచ్చి ఆమె కొడుకుని ఉయ్యాలతో సహా ఎత్తుకుపోతుంది. ఆమె ఒడ్డున నిలబడి నదిని తిడుతుంది. ఆ తిట్లకు నది సిగ్గుపడి లేచి నిలబడుతుంది, తర్వాత మెట్లు మెట్లుగా విచ్చుకుంటుంది. ఆమె దిగి పోతుంది. అడుగున ఒక ఊరు. నీళ్ళలో దీపాలు వెలుగుతుంటాయి, గేదెలు తలల మీంచి ఎగురుతుంటాయి. మునిగిపోయిన గుళ్ళ గంటలన్నీ మింగిన ఒక ముసలి రాజుంటాడు. వాడు నవ్వితే పొట్టలో గంటలు మోగుతాయి. నదిలో పోయిన పిల్లలంతా తామర తూళ్ళకు కట్టిన ఉయ్యాలల్లో ఊగుతుంటారు. ఆమె కొడుకుకి అప్పటికే చేప తోక వచ్చేసింది. వాడు తల్లిని గుర్తుపట్టడు, బుడగలు ఊది నవ్వుతాడు. అప్పుడు నది తల్లి వస్తుంది, తెరంతా జుట్టే. ఆ తర్వాత ఏమైందన్నది అక్కయ్య చెప్పిన ప్రతిసారీ మారిపోయేది. ఒకసారి తల్లి కొడుకుని తెచ్చుకునేది, ఒకసారి అక్కడే ఉండిపోయేది. ఆఖరి అరగంట ఆమె ఏడుస్తూనే చూసి ఉంటుంది, ఏం కనపడుతుంది!

మా బాపు సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చూసొచ్చి కథ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "ఆ నీళ్ళను ఎట్ల నిలవెట్టిన్రు?" ఇదే గోల. రేకు ముక్కను వాలుగా పెట్టి చెంబుతో నీళ్ళు పోసి, తల కిందికి వంచి తన కాళ్ళ మధ్య నుంచి చూసేవాడు. "ఉల్టా తీసిన్రా, లేకపోతే అద్దం పెట్టిన్రా?" ఇంటి ముందంతా బురద. అమ్మ నెత్తి కొట్టుకుంది. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టుమన్నడట! పనికి పోతవా, గీ నీళ్ళ తాననే ఉంటవా?" బాపు వినలేదు. నాలుగు రోజులు ఆయన కంటికి సరిగ్గా నిద్ర లేదు. అన్నం ముందు కూర్చున్నా రేకు మీదే ఆయన మనసు.

అన్న మాత్రం ఆ సినిమాకు పోలేదు. బస్సు డిపోలో మెకానిక్కు, వారానికో సినిమా చూసే మనిషి. దోస్తులు పిలిస్తే డ్యూటీ ఉందనేవాడు. ఒక సాయంత్రం అక్కయ్య గద్దె మీద కూర్చుని మళ్ళీ కథ చెప్తోంది. అన్న లోపల అన్నం తింటున్నాడు. తోక వచ్చిన పిల్లాడు బుడగలు ఊదే చోటికి రాగానే పీట జరిగిన చప్పుడైంది. నోటిదాకా పోయిన ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

"గిదేందిరా? సినిమా కథకు గింత కోపమా?" అమ్మ వెనకనుంచి అరిచింది.

వదినె వచ్చి పళ్ళెం తీసేసింది. మిగిలిన అన్నం వైపు కొంచెంసేపు చూసింది. నాకు మాత్రం అక్కడ కూర్చోబుద్ధి కాక కుళాయి దాకా పోయి ఖాళీ బిందెతో తిరిగొచ్చాను.

ఇంతలో ఇంకో లొల్లి మొదలైంది. నది తల్లి వచ్చే చోట ఆడవాళ్ళకి శిగం వస్తోందని చెప్పుకున్నారు. శిగమంటే అమ్మవారు ఒంటి మీదికి రావడం. బోనాలప్పుడు డప్పు మోగితే వస్తుంది, అది మాకు కొత్త కాదు. కానీ టాకీసులో రావడం కొత్తే. ముందు వరసలో ఒకామె ఊగిందట, మర్నాడు ఇంకో ఇద్దరు. చెప్పులు బయట వదిలి లోపలికి పోతున్నారు. తెర ముందు కొబ్బరికాయలు కొడుతున్నారు. టాకీసువాళ్ళు కూడా తక్కువవాళ్ళా, లేడీస్ క్లాసు దగ్గర ఒక బకెట్లో వేపమండలు, ఒక పళ్ళెంలో పసుపు కలిపి పెట్టేశారు. ఎవరన్నా ఊగితే ఆపరేటరు రీలు ఆపేవాడు. వాడికీ భయమే.

మా బస్తీలో శిగం వచ్చినవాళ్ళని అడిగే పని మా అమ్మది. అది ఎవరూ ఇచ్చిన పదవి కాదు, అలా అయిపోయింది. ఒంటి మీదికి ఎవరు వచ్చారో, ఏం కోరుతున్నారో, ఎక్కడ తప్పు జరిగిందో అడగడానికి ధైర్యం కావాలి, వరస తెలియాలి. అమ్మకు రెండూ ఉన్నాయి. పోచమ్మ అయినా మైసమ్మ అయినా అమ్మ ముందు నిలబడి జవాబు చెప్పాల్సిందే. వచ్చిన జవాబును బస్తీ అంతా నమ్మేది. చెప్పిన మాట ఎవరూ జవదాటేవాళ్ళు కాదు.

సోమవారం పొద్దున వంటగదిలో అమ్మ బాపుతో మెల్లగా అంటుంటే నేను విన్నాను.

"రేపు మంగళారం. కోడల్ని సినిమాకు తీస్కపోత. అమ్మోరు కనవడేటప్పుడు ఒడిల బియ్యం పెట్టుకోని కూసుంటె కడుపు పండుతదంటున్రు. ఆఖరుసారి చూస్త. అప్పుడు గూడ అమ్మోరు ఏదన్న గుర్తు చూపియ్యకుంటె శుక్రారం జహనుమా పోయుడే."

"సినిమాల అమ్మోరు నిజం అమ్మోరేనా?" అన్నాడు బాపు.

"నీ రేకుల నీళ్ళు నిజం మెట్లా?" అంది అమ్మ.

నేను ఊరుకోలేదు. "అమ్మా, వదినెను ఒక్క మాట అడిగినవా?" అన్నాను.

"అడిగేదేందే? సినిమాకే గద, తల్లిగారింటికి పంపుతున్ననా?"

"సినిమా సంగతి గాదు."

అమ్మ నా వైపు చూసి, గరిటె తీసుకుని పప్పు కలిపింది. ఆ పప్పు అప్పటికే కలిసే ఉంది.

మధ్యాహ్నం పెరట్లో బట్టలు పిండుతూ వదినె నన్ను పిలిచింది. "శుక్రారం మీ అమ్మ ఏ చీర కట్టుకపోతదట?" అని అడిగింది. మామూలు గొంతుతోనే అడిగింది. ఆమె చేతిలోంచి చీర లాక్కుని నేను పిండాను, చినిగిపోతుందేమో అన్నంత గట్టిగా. "నువ్వేమన్న అను వదినె! లొల్లి వెట్టు!" అన్నాను. "ఏమని అనాలె?" అంది. నిజంగానే అడిగింది, ఏమనాలో నేను చెప్తే అనేటట్టుగా. నాకేం తెలుసు?

మంగళవారం మ్యాట్నీకి నలుగురం బయల్దేరాం. అమ్మ, వదినె ఒక రిక్షా. నేను, అక్కయ్య ఇంకో రిక్షా. మా రిక్షా భాయ్‌కి తెలుగు రాదు. ఏ సినిమాకో తెలిసి తొక్కుతూనే వెనక్కి తిరిగాడు. "క్యా పిక్చర్ హై అమ్మా! పానీ ఖడా హో జాతా! బాత్ ఏక్ భీ సమజ్ మే నై ఆయి, మగర్ రోనా ఆ గయా" అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకుండా ఏడ్చినందుకు వాడికే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. ఎందుకేడ్చావు భాయ్ అని అక్కయ్య తన వచ్చీరాని హిందీలో అడిగింది. "సామ్నే దేఖో భాయ్, గోడ!" అని నేనే అరవాల్సి వచ్చింది.

లేడీస్ క్లాసు కిక్కిరిసి ఉంది. చంకల్లో పిల్లలు, ఒళ్ళో ఉడికిన పల్లీలు, గోలీ సోడాల చప్పుడు. అమ్మ వదినె ఒడిలో బియ్యం పోసి ముడి వేసింది. వదినె వద్దనలేదు. అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో ఆమె. సినిమా మొదలయ్యాక నేను తెరను తక్కువ చూశాను, వదినెను ఎక్కువ చూశాను. నది మెట్లు విచ్చుకుంటుంటే హాలంతా ఈలలు వేసింది. గేదెలు ఎగిరితే పిల్లలు కేకలు పెట్టారు. ముసలి రాజు పొట్టలో గంటలు మోగితే నేను కూడా నవ్వేశాను, ఆపుకోలేకపోయాను. వదినె కదల్లేదు. ఒడి ముడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కాళ్ళు మాత్రం బెంచీ పైకి ముడుచుకుంది, నేలకు ఆనించకుండా.

తోక పిల్లాడు వచ్చాడు. బుడగలు ఊదాడు. ఆ తర్వాత నది తల్లి వచ్చింది. హాలంతా "అమ్మా!" అని ఒక్క గొంతుతో అరిచింది. తెర ముందు కర్పూరం వెలిగింది. నది తల్లి ఆ పిల్లాణ్ణి రెండు అరచేతుల్లోకి ఎత్తి తల్లి ముందు పెట్టి, చూసుకో, కళ్ళారా చూసుకో అంది.

వదినె లేచింది.

ముందు ఒక అరుపు. అది మనిషి గొంతులా లేదు. రెండేళ్ళుగా ఆమె గొంతు ఇంత పెద్దదని మేం మరిచిపోయాం. ముడి విడిపోయి బియ్యం అంతా రాలిపోయింది. కొప్పు ఊడిపోయింది. ముందు బెంచీ పట్టుకుని, తల అటూ ఇటూ కొట్టుకుంటూ, ఒళ్ళంతా ఊగిపోతూ అరుస్తోంది.

"శిగమొచ్చింది! రీలు ఆపుండ్రి!" ఎవరో కేక వేశారు. తెర నల్లబడింది, దీపాలు వెలిగాయి. బకెట్ వచ్చింది, వేపమండలు వచ్చాయి. ఎవరో పసుపు తెచ్చి వదినె మొహానికి పూసేశారు, ఎవరో నీళ్ళు నెత్తిన పోశారు. ఆడవాళ్ళు చుట్టూ చేతులు జోడించి నిలబడ్డారు. నా పక్కన అక్కయ్య ఒక్కతే నా మోచెయ్యి పట్టుకుని "పూనకం కాదే పిచ్చిదానా, ఏడుస్తోంది, అంతే! మీ అమ్మకి చెప్పు" అంది. నేను చెప్పేలోపే అమ్మ ముందుకు వచ్చేసింది. కోడలన్న సంగతి ఆ క్షణంలో అమ్మకు గుర్తుందో లేదో. శిగం వచ్చింది, అడగాలి. అలవాటు అలా పట్టుకుంది.

"ఎవరు వచ్చినవ్ తల్లీ? పోచమ్మవా? మైసమ్మవా? బోనం తక్కువాయెనా? సాక పోసుట్ల తప్పు జరిగెనా? ఏం గావాలె తల్లీ, చెప్పు!"

వదినె ఊగుతూనే ఉంది. అమ్మ రెండు చేతులు జోడించింది. ఈసారి గొంతు తగ్గింది.

"తల్లీ, నా ఇల్లు నిలవాలె. నా కొడుక్కు ఇంకో పెండ్లి చెయ్యాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పు. నువ్వు ఎట్లంటె గట్ల. జన్మల మాట దాటను."

వద్దను వదినె, వద్దను, అని నేను లోపల మొత్తుకుంటున్నాను. ఆ ఒక్క మాట చాలు. అమ్మ చచ్చేదాకా దాన్ని దాటదు, బస్తీ మొత్తం సాక్ష్యం. జహనుమా ముచ్చట ఇక్కడికిక్కడ ఖతం.

వదినె ఊగడం ఆపింది. కొంగుతో మొహం మీది పసుపు తుడుచుకుంది. ఊపిరి అందాక అమ్మ కళ్ళలోకి చూసింది.

"నేను అమ్మోరిని గాదత్తమ్మా" అంది. "నేనే. నీ కోడల్ని."

అమ్మ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

"పెండ్లి చేస్తవో మానుకుంటవో నీ ఇష్టం, నీ కొడుకు ఇష్టం. నన్ను ఏం గావాలె అని అడిగినవ్ గద, చెప్త. ఆ తెర మీదామెకు కొడుకును చూపిచ్చిన్రు. చేపయిండో, తోక వచ్చిందో, ఏదో ఒకటి, చూపిచ్చిన్రు. నా కొడుకును యాడ పెట్టిన్రు అత్తమ్మా? రెండేండ్ల సంది ఈ ఊర్ల యాడ అడుగు వెట్టినా, నా కాళ్ళ కిందనే ఉన్నడేమో అని భయమైతది. ఎట్ల నడవాలె నేను?"

శిగం వచ్చినవాళ్ళు ఏమన్నా అమ్మ దగ్గర తర్వాతి మాట సిద్ధంగా ఉండేది. ఆ రోజు లేదు. వెనకనుంచి ఎవరో "శిగం గాదంట! కూసోండ్రమ్మా! రీలు ఎయ్యి భాయ్!" అని అరిచారు. దీపాలు ఆరిపోయాయి. మేం చీకట్లో కాళ్ళు తొక్కుకుంటూ బయటికొచ్చేశాం. ఆఖరికి ఆ తల్లి ఏం చేసిందో నేను ఇప్పటికీ చూడలేదు.

ఇంటికొచ్చాక వదినె స్నానం చేసి జుట్టు ముడేసుకుంది. అన్న డిపో నుంచి రాగానే, అందరం ఉండగానే అతని ముందు నిలబడి, "రేపు పొద్దుగాల నన్ను తీస్కపో" అంది. ఎక్కడికని అన్న అడగలేదు. అమ్మ వైపు చూశాడు.

"తల్లి చూడొద్దంటరు గద" అన్నాడు బాపు, గోడకేసి చూస్తూ.

"రెండేండ్లు చూడకుండనే ఉన్నది గద. ఏం పండింది?" అంది అమ్మ. తర్వాత అన్నతో, "తీస్కపో. నేను గూడ వస్త" అంది.

మర్నాడు బస్సులో బహదూర్‌పురా దాకా పోయి, అక్కణ్ణుంచి మూసీ వైపు నడిచాం. మా వాళ్ళు పోయినవాళ్ళను పెట్టే బొందలగడ్డ అక్కడ. బాపు ఇంట్లోనే ఉండిపోయాడు. ముందు అన్న, వెనక వదినె, ఆ వెనక అమ్మ, నేను. తుమ్మచెట్లు, ముళ్ళు, ఎక్కడ చూసినా మట్టి దిబ్బలు. చిన్నవాటికి గుర్తులేం ఉండవు. రెండేళ్ళ కిందట ఒక్కసారి వచ్చిన మనిషి, ఎక్కడని వెతుకుతాడో అని నాకు గుబులుగా ఉంది.

అన్న వెతకలేదు. ఒక్కసారి కూడా ఆగకుండా, తల ఎత్తకుండా, తుమ్మచెట్ల మధ్య నుంచి వంకరగా పోయి ఒక చోట నిలబడ్డాడు. అక్కడ గడ్డి పీకేసి శుభ్రంగా ఉంది. ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. కుక్కలు తవ్వకుండా మీద రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఆ రాళ్ళు పాతవి కావు.

వదినె ఆ రాళ్ళను చూసింది. తర్వాత అన్నను చూసింది.

"నువ్వొస్తున్నవా ఈడికి?"

అన్న తల వంచుకుని "ఆఁ" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే."

"ఒక్కనివేనా? నాకు ఒక్క మాట చెప్పకుంట?"

"నువ్వు చూడొద్దన్నరు గద" అన్నాడు.

వదినె అతన్ని కొట్టింది. ముందు ఒక చేత్తో, తర్వాత రెండు చేతులతో, గుండెల మీద, భుజాల మీద, అందిన చోటల్లా. నడిరోడ్డు మీద కూడా మొగుడి పక్కన నడవని మనిషి. గాజులు పగిలి మట్టిలో పడ్డాయి. అన్న చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఏడుస్తూ నిలబడ్డాడు. ఆమె కూడా ఏడుస్తోంది, మూసీ ఆ ఒడ్డుకి వినపడేటంత గట్టిగా.

ఆ శుక్రవారం మా ఇంట్లోంచి జహనుమాకు ఎవరూ పోలేదు, ఆ తర్వాత ఏ శుక్రవారమూ పోలేదు. కానీ ఆ పొద్దున నాకు అదేం తెలియదు. నాకు తెలిసిందల్లా, కొడుకు మీద ఈగ వాలితే ఊరుకోని మా అమ్మ పక్కనే ఉంది, ఇప్పుడు ఏమవుతుందో అని. ఆపుదామని నేనే ముందుకు ఉరికాను. అమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

"కొట్టనియ్యే" అంది. "అండ్ల సగం నాకు పడాల్సినయే."